మునిగిన ఊరు, తెరుచుకోని ఫోటోలు

పొద్దున పది గంటలకు స్టూడియో షట్టర్ ఎత్తడానికి వెళ్లేసరికి మెట్టు మీద ఒక అవ్వ కూర్చుని ఉంది. గజ్వేల్ దగ్గరి పునరావాస కాలనీ నుంచి మొదటి బస్సుకే వచ్చిందట. నేను ఆమెను గుర్తుపట్టలేదు. ఆమె నన్ను గుర్తుపట్టింది.

"మా ఊరు మునగకముందు అందరి ఇండ్ల ఫోటోలు దించినవ్ గదా కొడుకా. మా ముసలాయన గడపల నిలబడ్డది ఒకటుండాలె. రేపు ఆయన దినాలు. గా ఫోటో కావాలె," అంది.

నాది సిద్దిపేట పాత బస్టాండు దగ్గర చిన్న ఫోటో స్టూడియో. తొగుట అవతలి వాళ్ల ఊరు రిజర్వాయరు కిందికి పోతుందని ఖాయమయ్యాక, ఖాళీ చేసే ముందు ఊరివాళ్లే నన్ను పిలిపించారు. ఉతికిన బట్టలు కట్టుకుని, గడపకు పసుపు రాసి, ఒక్కో ఇంటివాళ్లు తమ తలుపు ముందు నిలబడితే తీశాను. సామాన్ల గడబిడలో ప్రింట్లు ఇస్తే పాడవుతాయి, ఎప్పుడు కావాలంటే అప్పుడు వచ్చి తీసుకుపొమ్మని, నా దగ్గర పదిలంగా ఉంటాయని మాటిచ్చాను. ఆ మాట చెప్పేటప్పుడు నాకు గర్వంగా కూడా ఉండింది, అబద్ధమెందుకు.

ఆ ముసలాయన "నన్ను మన గడపల నుంచే తీస్కపోవాలె" అని బతికున్నన్నాళ్లూ అనేవాడట. గడప నీళ్ల కింద ఉంది. పది రోజుల కింద కాలనీ ఇంట్లోంచే తీసుకుపోయారు. కనీసం దినాలనాడైనా ఆ గడపలో ఉన్న ఫోటోకే దండ వేయాలని అవ్వ పట్టు. దినాలు కాకముందు భార్య ఇల్లు కదలకూడదు కదా, ఎట్లా వచ్చావని అడిగాను.

"గడప దాటొద్దన్నరు. ఏ గడప అని అడిగిన," అంది.

"కూసో అవ్వా, ఐదు నిమిషాలల్ల తీసిస్త," అన్నాను.

కంప్యూటర్ తెరుచుకుంది కానీ ఫోటోలు తెరుచుకోలేదు. సేవ ప్రస్తుతం అందుబాటులో లేదు, కాసేపాగి ప్రయత్నించండి అని తెల్లటి తెర మీద రెండు ముక్కలు. కాసేపాగాను. మళ్లీ అవే రెండు ముక్కలు.

నిరుడు హార్డ్ డిస్క్ ఒకటి కిర్రుమనడం మొదలుపెడితే భయపడి పాత ఫోటోలన్నీ క్లౌడ్‌లోకి ఎక్కించాను. అంటే ఎక్కడో ఎవరిదో పెద్ద కంప్యూటర్ల గోదాములో మన సామాను పెట్టుకోవడం. దుకాణం కాలినా, నేను పోయినా ఫోటోలకేమీ కాదని అందరికీ గొప్పగా చెప్పుకున్నాను. ఎక్కించాక డిస్కులు చెరిపేసి పెళ్లి వీడియోలతో నింపేశాను. ఒక్క ప్రతి కూడా దగ్గర ఉంచుకోలేదు. ఊరంతటినీ తీసుకెళ్లి, తాళంచెవి నా దగ్గర లేని గదిలో పెట్టానని ఆ పొద్దు తెలిసింది.

మొదట తప్పు నాదే అనుకున్నాను. వైఫై డబ్బా పీకి పెట్టాను. ఫోన్ నెట్ కలిపాను. కేబుల్ అతనికి ఫోన్ చేసి నోటికొచ్చింది అన్నాను. పాపం, అతని లైను బంగారంలా ఉంది. కంపెనీ నంబరుకు చేస్తే మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం అని ఒక రికార్డు గొంతు పాడుతోంది. ముఖ్యమైతే ఎత్తి చావరాదా అని అరిచాను. అవ్వ ఉలిక్కిపడి చూసింది, సిగ్గేసింది.

పన్నెండైంది. పక్కనే ఫ్రేముల దుకాణం చాచాది. ముసలాయన ఫోటోకని ఫ్రేము కోసి, అద్దం తుడిచి పెట్టుకుని రెండుసార్లు వచ్చి తొంగిచూశాడు.

"ఇంక రాలే బేటా?"

"సర్వర్ బందుంది చాచా. దేశమంత గిట్లనే ఉందట."

"మా దగ్గర అద్దం పలిగితే ముక్కలన్న ఉంటయ్. నీది పలిగిందో లేదో గూడ తెల్వదు," అన్నాడు. ఎగతాళిగానే అన్నాడు, నేను మాత్రం మళ్లీ తెర ముందుకే పోయాను.

నా భయం అప్పటికి ఒక్క ఫోటో గురించి కాదు. పెళ్లి ఫోటోలు పోతే కాళ్లావేళ్లా పడి జంటను మళ్లీ ముస్తాబు చేయించి తీయవచ్చు. ఈ ఊరి ఫోటోలు పోతే ఎక్కడికి వెళ్లి తీయాలి? ఇట్లా ఒక్కొక్కరే వచ్చి మెట్టు మీద కూర్చుంటే ఏం చెప్పాలి? చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు పాత డిస్కులు తీసి వెతికాను. ఎవరిదో బారాత్, ఎవరిదో బ్యాండు. కాలు కాలిన పిల్లిలా దుకాణంలోనే తిరిగాను. అవ్వ తిట్టినా బాగుండేది.

రెండింటికి నెమ్మదిగా అడిగింది. "పోయిందా కొడుకా?"

"పోలే అవ్వా, ఉంది. కనిపిస్తలేదు, గంతే."

ఉందో లేదో నాకే తెలియదు.

"మా ఊరు గూడ గట్లనే ఉన్నది," అంది.

ఆ తర్వాత నేను ఆమె కళ్లలోకి చూడలేకపోయాను.

నాలుగవుతుండగా తెర కదిలింది. ముందు బూడిద రంగు గళ్లు, ఒక్కో గడిలో ఒక్కో తలుపు. ముసలాయన దొరికాడు. చెప్పులు విడిచి, చేయి తలుపు చెక్క మీద పెట్టి, గడపలో నిలబడి ఉన్నాడు. కంప్యూటర్లోకి దింపాను, పెన్‌డ్రైవులోకి, ఫోన్లోకి. మిగతా ఊరినంతా దింపడానికి పెట్టి, ఆయనది ప్రింటు తీశాను.

అవ్వ రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూసింది.

"మళ్ల గిట్ల బందైతదా?"

పొద్దుటి నుంచి అన్నీ పైపై మాటలే చెప్పాను. ఇక చెప్పబుద్ధి కాలేదు. "కావచ్చు అవ్వా," అన్నాను.

చాచా ఫ్రేములో బిగించబోతే ఆపింది.

"గానాడు నన్ను గూడ పిలిచిండు, ఇద్దరం నిలబడుదమని. సామాను మూటగడ్తున్న, నువ్వు పో అన్న. గీడ పక్కపొంటి జాగ ఉంది గదా. నన్ను గూడ పెట్టొస్తదా?"

చనిపోయినవాళ్ల పక్కన బతికున్నవాళ్లను అతికించడం మా పనిలో రోజూ ఉండేదే. వస్తది, కానీ పొద్దుపోతోంది, దినాలయ్యాక తీరిగ్గా రమ్మన్నాను.

"రేపు బొట్టు తీస్తరు కొడుకా, గాజులు పలగొడ్తరు. గీ పొద్దే దించాలె," అంది.

లైట్లు వేశాను. అవ్వ కొంగు సర్దుకుని, తన పక్కన ఒక మనిషి పట్టేంత జాగ వదిలి నిలబడింది.