వంకర బిస్కట్టు

మా మేనత్త పోయిందని బాపట్ల నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను తెనాలిలో, మా వంటింట్లో, ఎవరిదో పుట్టినరోజు కేకుకి మైదా జల్లిస్తున్నాను. పొద్దున కాఫీ తాగి మంచమ్మీద వాలిందట, మళ్ళీ లేవలేదట. ఫోన్ పెట్టేశాక నాకు వెంటనే ఏడుపు రాలేదు. ఫ్రిజ్ తలుపు తీసి పైనున్న ఐసు అర వంక చూశాను. అక్కడ పాల ప్యాకెట్ కవర్లో చుట్టిన బిస్కట్ల పిండి ముద్ద ఉంది. ఆవిడ తన చేత్తో కలిపి, కాల్చి తెమ్మని నాకిచ్చి మూడు వారాలైంది.

ఆవిడ రేపల్లెలో టీచరుగా చేసి, రిటైరయ్యాక బాపట్లలో ఉండేది. నేనివాళ కేకులు, బిస్కట్లు ఆర్డర్ల మీద చేసి బతుకుతున్నానంటే ఆవిడ నేర్పిందే.

నా చిన్నప్పుడు రేపల్లెలో క్రిస్మస్ బిస్కట్లు ఇంట్లో కాల్చేవాళ్ళం కాదు. మైదా, పంచదార, డాల్డా పట్టుకుని బేకరీకి వెళ్తే, అక్కడి సాయిబు గారు పిండి కలిపి, మిషన్లో ఒత్తి, కాల్చి మన డబ్బాలు నింపి ఇచ్చేవారు. అందరూ డబ్బాలు వరసలో పెట్టి ఇళ్ళకి పోయేవాళ్ళు. మా అత్తయ్య మాత్రం స్టూలేసుకుని చివరిదాకా కూర్చునేది. నేను పక్కన నిలబడి కాళ్ళు మార్చుకుంటుండేదాన్ని.

"సాయిబు గారూ, మిషను గొట్టంలో ఇంకా పిండి ఉందండి."

"టీచరమ్మా, అది రెండు బిస్కట్లక్కూడా రాదమ్మా!"

"ఒకటొస్తుంది కదండీ. అదే వెయ్యండి."

ఆయన నవ్వుతూ గొట్టంలోకి వేలు పెట్టి తీసి, బిస్కట్లు కాల్చే రేకు మూలన అతికించేవారు. ఒక రూపం లేకుండా వంకరగా కాలేది. వేడి తగ్గాక అత్తయ్య దాన్ని తీసి ఆయనకే ఇచ్చేది. "పిండి కలిపిన చెయ్యి మీది. ఇది మీదేనండి" అనేది. ఆయన పొయ్యి దగ్గరే నిలబడి తినేవారు. దానికోసం అంతసేపు నిలబడ్డ నాకు ఒళ్ళు మండేది.

సండే స్కూల్లో అత్తయ్య, ప్రభువు ఐదు రొట్టెలతో వేలమందికి పెట్టిన కథ చెప్పేటప్పుడు రొట్టెలు అంతమందికి ఎలా సరిపోయాయో రెండు ముక్కల్లో తేల్చేసేది. చివర్లో మిగిలిన ముక్కలు ఏరి గంపలకెత్తారు చూడండి, అక్కడ మాత్రం ఆగి, "కడుపు నిండాక కూడా వంగి ఏరారర్రా!" అని మా మొహాలు చూసేది.

బాపట్ల ఇంట్లో సొంతంగా ఓవెన్ కొనుక్కున్నాక ఆ వంటిల్లు చూడాలి. వెన్న కాగితం పారేసేది కాదు, దాంతోనే రేకులు రుద్దేది. ఎసెన్స్ సీసా అడుగంటితే చెంచాడు పాలు పోసి కడిగి పిండిలో వంపేది. విరిగిన బిస్కట్లు పొడి చేసి, బెల్లం, నెయ్యి వేసి ఉండలు చుట్టేది. బేకింగ్ పౌడర్ పాతబడిందేమోనని చిటికెడు వేణ్ణీళ్ళలో వేసి, బుసబుసమంటే "ఇంకా ప్రాణం ఉంది" అని మూత పెట్టేది.

ఒకసారి నేను పిండిలో నక్షత్రాల బిస్కట్లు కోశాక మిగిలిన అంచులు చెత్తబుట్టలో వేశాను.

"ఏంటమ్మాయ్, నక్షత్రాలది ఒక పిండీ, అంచులది ఇంకో పిండీనా?" అంది. నేను మూతి ముడుచుకుంటే మెత్తబడి, దగ్గరికి పిలిచి నేర్పింది. "అంచులు కలిపి ఒకసారి ఒత్తు, రెండుసార్లు ఒత్తు. మూడోసారి ఒత్తితే పలకలా గట్టిపడుద్ది. అప్పుడిక వేలితో నొక్కి వంకరది ఒకటి చేసెయ్." ఆ రోజు పిండి కలిపింది నేనే. అంచుల్లోంచి వచ్చిన వంకర బిస్కట్టు నా చేతిలో పెట్టింది. అన్నేళ్ళ ఉడుకుమోత్తనం ఆ ఒక్కదానితో తీరిపోయింది.

నేను ఆఖరుసారి వెళ్ళినప్పుడు ఆవిడ ఓవెన్ ఒక వాయి అవగానే పాడైంది. మిగిలిన పిండి చుట్టి నా సంచిలో పెట్టింది. "నువ్వు కాల్చి పట్రా. వంకరది నాకుంచు. నోరు చప్పగా ఉంటోందే" అంది. ఆదివారం తెస్తానన్నాను. ఆర్డర్లొచ్చాయి. తర్వాతి ఆదివారమూ వెళ్ళలేదు. తెనాలి నుంచి బాపట్ల ఎంత దూరమని! రైలెక్కితే గంట. ఆవిడే ఫోన్ చేసింది.

"కాల్చావామ్మా?"

"పనెక్కువగా ఉందత్తయ్యా. ఈ ఆదివారం ఖాయం."

"సర్లే, పిండికేం తొందర. ఐసులోనే ఉందిగా."

ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉంది. ఊరందరికీ కాల్చిపెట్టాను. అడిగిన మనిషికి నాలుగు బిస్కట్లు కాల్చలేకపోయాను.

అత్తయ్య సమాధి అయ్యాక ప్రార్థనకి పెట్టిన ఆదరణ కూడిక రోజు పొద్దున్నే ఆ ముద్ద బయటికి తీశాను. పారేద్దామన్న ఆలోచన రాలేదు, దాచుకుందామనీ అనిపించలేదు. ఒకసారి ఒత్తాను. అంచులు కలిపి రెండోసారి ఒత్తాను. మిగిలింది వేలితో నొక్కి రేకు మూలన పెట్టాను. కాల్చి డబ్బాలో పోసుకుని బాపట్ల రైలెక్కాను.

ప్రార్థన అయ్యాక బిస్కట్ల పళ్ళెం అందరికీ తిరిగింది. చివరికి నా దగ్గరికి వచ్చేసరికి వంకరది ఒక్కటే ఉంది. "నువ్వు తీసుకోలేదు, తీసుకోమ్మా" అంది పక్కింటావిడ.

"నాది కాదండి. పిండి కలిపింది నేను కాదు" అన్నాను.

పళ్ళెం అత్తయ్య కూర్చునే కుర్చీలో పెట్టాను. ఆ సాయంత్రం అంతమంది ఉన్నాం, కుర్చీలు చాలక కొందరు నిలబడే ఉన్నారు. ఆ పళ్ళెం మాత్రం ఎవరూ కదపలేదు.