మైనస్ ఏడడుగుల పైపు

బుధవారం, వాన వెలిసిన మధ్యాహ్నం, బేతంచెర్ల దగ్గర నాపరాయి గని. ఉన్నవారు: మేస్త్రి గడ్డం మామ, రాయి తీసే అన్నదమ్ములిద్దరు, కొత్త గుమాస్తానైన నేను. నా డైరీలో ఇంతే ఉంది. ఆ వయసులో ఎవరెవరు ఉన్నారో రాసుకునేవాణ్ణి గాని, తప్పెవరిదో రాసుకునేవాణ్ణి కాదు. గణితంలో డిగ్రీ చేతికొచ్చి మూడు నెలలే అయింది. లోకానికి ఇక కావలసింది నేను వివరించడమేనని నమ్మేవాణ్ణి.

గనిలో నీళ్లు నిలిచాయి. మరునాడు లారీ వచ్చేసరికి అడుగున ఉన్న బండలు బయటపడకపోతే నన్ను పని మాన్పించి కోయిలకుంట్ల బస్సెక్కిస్తానని యజమాని చెప్పి వెళ్లాడు. రాళ్లకుప్ప మీద ఇంజను ఉంది గాని, నీళ్లు పీల్చే రబ్బరు పైపు చిల్లులు పడింది. మామ ఇంజను నుంచి నీళ్ల అడుగు దాకా తాడు వదిలి, ముడి వేసి, "ఇది ఎత్తుకపోప్పా. దుకాణంలో దీని పొడుగుకు కోపిచ్చుకొని రా" అన్నాడు.

"తాడెందుకు మామా, లెక్కుండాది గదా" అని నేను కాగితం తీశాను. నేలమట్టం సున్నా, పైన ఇంజను దాకా ఐదడుగులు ప్లస్, కింద నీళ్ల అడుగు దాకా పన్నెండు మైనస్.

"సున్నా అంటే ఏమీ లేదని గదా? మనం నిలబడిండేది ఏమీ లేనిదాని మీదనా?"

"అది మొదలు మామా. ఒకటి, రెండు అని లెక్కబెట్టేవి సహజ సంఖ్యలు. సున్నాను, మైనస్‌లను చేరిస్తే పూర్ణ సంఖ్యలు."

"మేము కిందికి దిగినా ఒకటి, రెండే అప్పా. పన్నెండడుగులు దిగితే పన్నెండింటికీ కాళ్లు నొస్తాయి."

జాలిగా నవ్వి, ఐదునూ మైనస్ పన్నెండునూ కలిపాను. మైనస్ ఏడు వచ్చింది. పైపు మైనస్‌లో ఉండదు గనుక గుర్తు కొట్టేసి (ఆ రోజు నా ఆలోచనల్లో సరైనది ఇదొక్కటే), సైకిలు మీద వెళ్లి ఏడడుగులు కోయించి తెచ్చాను. బరువు లేదని దారంతా సంతోషించాను కూడా.

ఇంజనుకు బిగించాక పైపు రెండో కొస నేలకు రెండడుగుల కింద గాలిలో వేలాడింది. అన్నదమ్ముల్లో తమ్ముడు మెల్లగా, "నీళ్లను పైకి రమ్మని చెప్పల్లనా అప్పా?" అన్నాడు. నాకు కావలసింది రెండు చోట్ల మధ్య దూరం. సున్నాకు ఆపక్కా ఈపక్కా ఉన్నవాటి మధ్య ఐదూ పన్నెండూ కలిసి పదిహేడవుతాయి. బస్సు కళ్ల ముందు కదిలింది. మళ్లీ దుకాణానికి పోయొచ్చేంత పొద్దు లేదు.

మామ గని గోడ వైపు చూశాడు. ఏడడుగుల లోతున, నీళ్లకు కాస్త పైన, రాయి తీయగా మిగిలిన అరుగు ఉంది. "పైపు సాగదు. ఇంజన్నే దించుదాం పట్టండి." బొంగులు కట్టి నలుగురం మోశాం. నా భుజం తోలు లేచింది గాని, పొద్దు గుంకేలోపు గని అడుగు కనిపించింది.

మరునాడు పొద్దున యజమాని వచ్చి గనిలోకి తొంగి చూశాడు. "ఇంజన్ను ఆడ పెట్టమన్నదెవరు?"

నిజం చెప్పడానికి గొంతు సవరించుకున్నాను. మామ ముందే అన్నాడు: "బియ్యస్సీ లెక్క, సామీ."

"నీళ్లకు దగ్గరుంటే బాగా పీలుస్తాది. సదువంటే ఇదీ. ఇంగ యాడైనా ఇట్లే పెట్టండి" అన్నాడు యజమాని. అన్నదమ్ములు బండల వైపు తిరిగి అవసరానికి మించి వంగారు. నేను తెరిచిన నోరు మూసుకున్నాను. అబద్ధాన్ని నేను సహించనని ఇంట్లో అందరికీ తెలుసు. అయినా, మంట పెట్టే భుజంతో ఆ మెప్పును నిటారుగా నిలబడి అందుకున్న ఆ కుర్రవాణ్ణి మందలించడానికి ఇప్పటికీ నాకు మనసు రాదు.