గుంటలో ఆకు ఎవరు వేశారు?

మా అత్తగారు రోటియాకూ, వాళ్లన్నయ్య బరనికోకూ మూడేళ్లుగా దావా. వాళ్లమ్మ తవ్వించిన బబాయి గుంట ఎవరిదని. బబాయి అంటే మనిషిని మించి పెరిగే చేమ. పెళ్లికీ చావుకీ ఆ దుంప వడ్డించకపోతే మా దీవిలో పరువు దక్కదు. ఇక్కడి కోర్టు గుంట బరనికోదే అంది. అత్తగారు ఊరుకుంటుందా? పైకోర్టుకు ఎక్కింది.

ఆ పైకోర్టేమో ఏడాదికి ఒక్కసారే కూర్చుంటుంది. జడ్జీలు పరదేశం నుంచి విమానంలో మా రాజధాని తరావాకు రావాలి, మేము ఓడలో పోవాలి. ఒక ఏడు ఓడ చెడింది. మరో ఏడు అత్తగారికి కళ్లకలక. తీర్పు వచ్చేదాకా ఇద్దరూ గుంటలో దిగకూడదని, దిగినవాళ్లకు హక్కు పోతుందని ఉత్తర్వు. మొక్క మొదలు చుట్టూ ఆకు ఎరువు వేసి కట్టకపోతే బబాయి కుళ్లిపోతుంది. అయినా గుంట పచ్చగానే ఉంది. ఎలాగని నేను అడగలేదు. అల్లుణ్ణి, నాకెందుకొచ్చిన గొడవ?

ఈ ఏడు ఎలాగో చేరాం. పెద్ద జడ్జి ఏదో అడిగాడు. కోర్టు దుబాసీ మా భాషలో చెప్పాడు: "మూడేళ్లుగా ఎవరూ ముట్టలేదు కదా, మొక్కలు కుళ్లిపోయి ఉంటాయి. ఇంకా దేనికి కొట్టుకుంటున్నారు?"

బరనికో దిగ్గున లేచాడు. "కుళ్లడమేంటండీ? నా చేత్తో ఆకేస్తే కుళ్లుతుందా? వచ్చి చూడండి, ఒక్కో దుంప ఇద్దరు మొయ్యాలి!"

అతని లాయరు తల పట్టుకున్నాడు. మా లాయరమ్మ "గెలిచాం" అని గొణిగింది. అత్తగారు ఇంకొక్క నిమిషం నోరు మూసుకుంటే చాలు. నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. విదిలించుకుంది.

"అబద్ధాలాడకన్నయ్యా! నువ్వేసిన చెత్తంతా తీసి పారేసి, అమ్మ చెప్పిన ఆకు కట్టింది నేను!"

"నీకు కట్టడం వచ్చా? నీ ముడులన్నీ విప్పి మళ్లీ కట్టలేక నా నడుం పడిపోయింది!"

ఆవిణ్ణి ఎత్తి సముద్రంలో పడేయాలనిపించింది నాకు. సాయంత్రానికి తీర్పొచ్చింది. ఇద్దరూ ఉత్తర్వు మీరారు కాబట్టి కింది తీర్పే ఖాయం. గుంట బరనికోది.

రేవులో ఓడ ఇంకా కదల్లేదు. అత్తగారు చాప మీద అటు తిరిగి కూర్చుని ఏడుస్తోంది. అమ్మ గుంట పోయిందని, అదీ తన నోటితోనే పోయిందని. కోపంగా ఉన్నా నాకూ గుండె తరుక్కుపోయింది. బరనికో మెల్లగా వచ్చి పక్కన కూర్చున్నాడు.

"చెల్లీ, ఇకనుంచి ఆకు నువ్వే వెయ్యి. నాకు వంగడం చేతకావట్లేదు. దుంపల్లో సగం నీవి."

ఆవిడ కళ్లు తుడుచుకుంది. "వేస్తాలే. మరి విందులో ఇవెవరు పెంచారని అడిగితే?"

"నేనేనంటా. గుంట నాది కదా."

అత్తగారు నా వైపు తిరిగింది.

"ఏమయ్యా అల్లుడూ, మన లాయరమ్మ ఇల్లెక్కడ?"