చచ్చిన ఫ్రిజ్జులో దేవుడి బియ్యం

కూర్మమ్మ ఇంట్లో ఫ్రిజ్జు ఉంది గాని దానికి ప్రాణం లేదు. తిత్లీ తుఫానుకు రేకులు ఎగిరిపోయి, ఇంట్లో మోకాలిలోతు నీళ్లు నిలిచిననాడు పోయిన ప్రాణం మళ్లీ రాలేదు. పాత ఇనుము కొనేవాడు రెండుసార్లు వచ్చి బేరమాడాడు.

"శవాన్ని ఇంట్లో ఎట్టుకుని ఏటి సేసుకుంతావమ్మా?" అన్నాడు.

"నీకేటి నాయినా, నీ ఇంట్లో ఎలకల్లేవు," అని పంపేసింది.

నౌపడ ఉప్పు మడులు దాటి తూర్పుకు పోతే, ఇసుక మీద ఉంటుంది వాళ్ల పల్లె. ఆ గాలికి పప్పు మెత్తబడుతుంది, బెల్లం కారిపోతుంది, రేకు డబ్బా ఏడాది తిరక్కుండా తుప్పుపట్టి చిల్లులు పడుతుంది. గోనెసంచిలో బియ్యం పెడితే సగం ఎలకలకే. చెక్క బీరువా చేయించుకునే తాహతు ఎన్నడూ కలగలేదు. చచ్చిన ఫ్రిజ్జు మాత్రం తలుపు వేస్తే చుట్టూ రబ్బరు కరుచుకుని, చీమ కూడా దూరకుండా మూసుకుంటుంది. అది చాలు ఆమెకు.

ముప్పయ్యేళ్లుగా కూర్మమ్మ చేపల తట్ట మోస్తోంది. ఒకప్పుడు నడిచి, ఇప్పుడు ఆటోలో, లోపలి రైతుల ఊళ్లకు పోయి వాడుక ఇళ్లలో చేపలు ఇచ్చి వస్తుంది. డబ్బు ఇచ్చేవాళ్లు ఇస్తారు, లేనివాళ్లు బియ్యమో ఉలవలో కొలుస్తారు. ఈమధ్య ఆటో దిగి నాలుగడుగులు వేస్తే మోకాళ్లు పట్టేస్తున్నాయి. ఏ అరుగు కనబడితే ఆ అరుగు మీద కూలబడుతుంది. ఎవరో ఒకరు చెంబుతో నీళ్లు తెచ్చి ఇస్తారు. ఆ నీళ్లు తాగి, "సల్లగుండమ్మా," అని లేస్తుంది. లేవడమే కష్టం.

అలాంటి మనిషి ఈ యేడు ఒక పని నెత్తికెత్తుకుంది. కోడలు తులసికి మొదటి కాన్పు. మొదటి కాన్పు పుట్టింట్లో జరగాలి. తులసికి తల్లి లేదు, పుట్టిల్లంటే అన్నావదినెల ఇరుకు గది. కొడుకు నాగబాబు గుజరాత్‌లో వెరావల్ బోట్ల మీద ఉన్నాడు. "నీ పురుడు నాదేనే," అంది కూర్మమ్మ. అనడం తేలికే. నెలలు నిండేది మే నడిమికి. ఏప్రిల్ పదిహేను నుంచి జూన్ పద్నాలుగు దాకా సముద్రంలో వేట నిషేధం. మరబోట్లు ఒడ్డెక్కితే మగడు గంగులుకు పని ఉండదు, ఆమెకు తట్ట ఉండదు. తట్ట లేకపోతే వాడుక ఇళ్ల గుమ్మం తొక్కే మొహం ఉండదు.

రేషన్ బియ్యం వస్తాయి, ఇంటిల్లిపాదికీ కడుపు నిండుతుంది. కాని బాలింతకు రేషన్ బియ్యం పెట్టరు. ఏడాది దాటిన పాత బియ్యం కావాలి. పాత చింతపండు, వెల్లుల్లి, వాము, మిరియాలు కావాలి. పాలు పడడానికి పాలసొర చేప కావాలి, పచ్చిది దొరక్కపోతే ఎండుది. కూర్మమ్మ తొలి కాన్పులో ఇవేవీ కుదరలేదు. పాలు పడలేదు. ఆ బిడ్డ ఊసు ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు.

అందుకే మాఘం మొదలుకొని వారానికి ఒక్క సరుకు. సంతకు పోయినప్పుడు ఒక్కటే కొనాలి, రెండోదాని వైపు చూడకూడదు. ఒక వారం మిరియాలు, ఒక వారం వాము, ఒక వారం కందిపప్పు. ఫ్రిజ్జు తలుపుకు గుడ్లు పెట్టుకునే పది గుంతలున్నాయి. సరుకు తెచ్చిన వారమల్లా ఒక గుంతలో ఒక వెల్లుల్లిపాయ పెట్టింది. పదీ నిండేసరికి వేట నిషేధం దగ్గరపడింది. కింద కూరగాయల పెట్టెలో కల్లుప్పు. దాని మీది అరలో ఉలవలు, చోళ్లు. నడిమి అరలో తులసి పత్యం: పాత చింతపండు ముద్ద, గుడ్డసంచిలో మూడు కుంచాల పాత బియ్యం. ఆ బియ్యం లోపలి ఊరి రైతు ఇల్లాలు చిన్నతల్లి ఇచ్చింది. ముప్పయ్యేళ్ల వాడుక ఇల్లు అది. దానికి బదులుగా రెండు నెలల పాటు తట్టలో మంచి చేప మొదట ఆ గుమ్మంలోనే దిగింది.

ఇక పై అర. ఒకప్పుడు మంచు గడ్డకట్టే ఆ అరకు బయటి నుంచే వేరుగా తలుపు ఉంది. అందులో ఒక స్టీలు డబ్బా, దేవుడిది. కిందటి కార్తీకం నుంచి వంటకు ఎసరు పెట్టిన ప్రతిసారీ గుప్పెడు బియ్యం తీసి ఆ డబ్బాలో వేస్తుంది. వచ్చే కార్తీక సోమవారం శ్రీముఖలింగం తీసుకుపోయి అన్నదానానికి ఇచ్చి రావాలని మొక్కు. తాము రేషన్ బియ్యం తిన్నా, దేవుడి గుప్పెడు మాత్రం చిన్నతల్లి ఇంటి పాత బియ్యంలోంచే. అలా ఉండాలని ఎవరూ చెప్పలేదు. ఆమెకే మనసొప్పలేదు.

నిషేధానికి ముందురోజు ఆఖరి వేటలో గంగులు వాటాకు రెండు పాలసొరలు వచ్చాయి. కూర్మమ్మ వాటికి చేతులెత్తి దండం పెట్టింది. చీల్చి, ఉప్పు పట్టించి, ఇసుక మీద వల పరిచి ఎండేసింది. రెండు రోజులు ఎండ కాసింది. మూడోనాడు మబ్బు కమ్మి గాలివాన పట్టుకుంది. పైన తట్టి చూస్తే చెక్కలా గట్టిగానే ఉంది. కాకులు ఒకపక్క, పిల్లులు ఒకపక్క. ఆకుల్లో చుట్టి నడిమి అరలో పెట్టేసింది. తలుపు తీస్తే లోపలికి ఉప్పుగాలి దూరుతుందని ఫ్రిజ్జు నడుముకు వలతాడు బిగించి, "పురుడొచ్చినదాకా ఎవులూ ముట్టకండి," అంది.

పదిహేను రోజులు పోయాక తులసి అంది, "అత్తా, ఫ్రిజ్జుకాడ ఏదో వాసనొస్తన్నాది."

"సేపలోల్ల ఇంట్లో సేపలోసన రాక మల్లిపూలోసన వస్తాదేటే?"

తులసి నవ్వి ఊరుకుంది. మర్నాడు గంగులు కూడా ముక్కు మూసుకునేసరికి కూర్మమ్మ తాడు విప్పింది.

లోపలి నుంచి వెచ్చటి ఆవిరి మొహాన కొట్టింది. గోడలంతా చెమట. పైకి ఎండినట్టున్న సొర లోపల ఎండలేదు. ఆ తడి పోయే దారి లేక అరలన్నీ పట్టుకుంది. చింతపండు మీద తెల్లటి బూజు. బియ్యం సంచి తడిసి గడ్డకట్టి, చెయ్యి పెడితే పచ్చటి ముద్దలు వచ్చాయి. ఉలవలకు మొలకలు. తలుపు గుంతల్లో వెల్లుల్లిపాయలు పదీ నల్లబడి మెత్తగా కూర్చున్నాయి.

ఆమె ఏడవలేదు. నేల మీద కూర్చుండిపోయింది.

"ఒసే కూర్మీ," అన్నాడు గంగులు. "మొలకలొచ్చిన ఉలవలు బలమేనంతారు గదా."

"మావా, నువ్వు మాటాడకు."

అతను సొరను తీసుకుపోయి ఇసుకలో లోతుగా పూడ్చి వచ్చాడు. బావి నుంచి నీళ్లు మోసి అరలు కడిగాడు. తులసి వంగబోతే చెయ్యి పట్టుకుని మంచం మీద కూర్చోబెట్టాడు. పై అర తలుపు తీసి చూశాడు. రోజూ తీసి వేసే తలుపు కదా, లోపల పొడిగా ఉంది. స్టీలు డబ్బాలో దేవుడి బియ్యం గలగలలాడాయి. డబ్బా ఊపి భార్య వైపు చూశాడు. ఆమె లేచి ఆ తలుపు వేసేసింది.

రెండు రోజులు పోయాక పొద్దున్నే ఆమె చిన్నతల్లి ఊరికి ఆటో ఎక్కింది. ఒళ్లో ఖాళీ తట్ట. తట్ట లేకుండా పోవడం చేతకాక, అలవాటుగా పట్టుకుపోయింది. చేప లేకుండా ఆ గుమ్మం తొక్కడం ముప్పయ్యేళ్లలో అదే మొదలు. ఆటో దిగి వీధి మలుపులో చాలాసేపు నిలబడింది. మోకాళ్ల నొప్పి అని తనకు తాను చెప్పుకుంది.

చిన్నతల్లి చేటలో పెసలు చెరుగుతోంది. డెబ్బయ్యేళ్ల మనిషి, చూపు ఆనదు గాని చెవులు పాము చెవులు.

"ఏటే కూర్మీ, అడుగులు నీయే, వాసన మాత్రం లేదు?"

"సేపల్లేవమ్మా. బోట్లు ఒడ్డెక్కినాయి గదా."

"మరి తట్టెందుకు తెచ్చినావు? నన్ను ఎత్తుకుపోతావేటి?"

కూర్మమ్మ తట్ట పక్కన పెట్టింది. అరుగు మీద కూలబడి జరిగిందంతా చెప్పింది. చిన్నతల్లి చెరగడం ఆపి విన్నది.

"సచ్చినదానికైనా ఊపిరాడాలే," అంది చివరికి. "మా గాదెకి కిందొక కన్నం, పైనొక కన్నం ఎందుకెడతాం? వారానికోపాలి గింజలు తీసి ఎండకెందుకెడతాం? సముద్రం మీద బతికేదానివి, తడంటే ఏటో నానా నీకు సెప్పాలి?"

"బుద్ధి గడ్డి తిన్నాది తల్లీ."

"గడ్డి కాదు, సొర తిన్నాది." ముసలామె గోడ పట్టుకుని లోపలికి పోయింది. వస్తూ పెద్ద చింతపండు ముద్ద, కొంగులో ఐదారు వెల్లుల్లిపాయలు, కాగితం పొట్లంలో వాము తెచ్చి తట్టలో వేసింది. "పాత బియ్యం మాత్రం లేవే. అయిపోనాయి. ఉన్నవి ఈయేటివి. బాలింతకెడితే వాతం సేస్తాది."

కూర్మమ్మ తల వంచుకుంది. ఆగి ఆగి, "దేవుడి బియ్యమున్నాయమ్మా," అంది. "నీ ఇంటియే. గుప్పెడు గుప్పెడూ ఏసినాను. ఆరేడు కేజీలుంతాయి. ముట్టుకోవచ్చునేటి?"

చిన్నతల్లి చాలాసేపు పెసల్లో వేళ్లు కదిపింది.

"నన్నడక్కు," అంది. "నా కోడలికే పాత బియ్యం లేకపోతే నానేటి సేత్తునో నాకు తెలుసు. అది మాత్రం నీకు సెప్పను. ఆ పాపమేదో నీదో, నాదో, ఆయనదో, నాకెందుకు?" అంటూనే చేటలో పెసలు కూడా తట్టలో గుమ్మరించేసింది.

తిరుగు ఆటోలో తట్ట బరువుగా ఉంది. చేపలు లేని తట్ట బరువుగా ఇంటికి రావడం కూడా అదే మొదలు.

ఇంటికొచ్చి సంగతి చెబితే గంగులు, "సచ్చినదానికి ఊపిరేటే!" అని నవ్వాడు. నవ్వుతూనే ఇనుప ఊచ కాల్చి ఫ్రిజ్జు వెనక కిందొకటి, పైనొకటి కన్నాలు పొడిచి, ఎలకలు దూరకుండా సన్నవల ముక్కలు రెండేసి మడతలు పెట్టి బిగించాడు. అరలన్నీ మూడు రోజులు ఎండకు పెట్టారు. మళ్లీ సర్దడానికి ఎక్కువేమీ లేదు.

తులసికి అనుకున్నదానికంటే నాలుగు రోజుల ముందే నొప్పులొచ్చాయి. పెద్దాసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. మూడోనాడు తల్లినీ బిడ్డనూ ఇంటికి తెచ్చారు. కూర్మమ్మకు ఆసుపత్రి వరండాలో మూడు రోజులు కూర్చుని నడుం పడిపోయింది. గుమ్మంలోకి వచ్చేసరికి పక్కింటి తవిటమ్మ గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. ఆమె మగడిది మోటారు లేని తెప్ప. నిషేధంలో కూడా దానికి అడ్డు లేదు.

"జానెడు పాలసొర ఒకటి పడినాదొదినా. మా ఇంట్లో ఎవులూ తినరు," అంది.

తవిటమ్మ ఇంట్లో సొర పిట్టు అంటే పిల్లలు కొట్టుకుంటారని కూర్మమ్మకు తెలుసు. గిన్నె అందుకుని, ఆమె చెయ్యి ఒకసారి పట్టుకుని వదిలింది.

సొర ఉడికింది. వెల్లుల్లి, వాము, మిరియం నూరింది. మిగిలింది అన్నం. గదిలో పసిది సన్నగా ఏడుస్తోంది. తులసి, "పాలు సాలట్లేదేమో అత్తా," అంది, భయంభయంగా.

ఆ మాట కూర్మమ్మ ఎక్కడో విన్నది. తన గొంతుతోనే విన్నది.

ఫ్రిజ్జు పై అర తీసి డబ్బా దించి, పొయ్యి ముందు పెట్టుకుని కూర్చుంది. అరసవల్లి, శ్రీకూర్మం, ముఖలింగం, ముగ్గురు దేవుళ్ల పటాలున్న గోడ వైపు చూసింది.

"సామీ, ముఖలింగేశ్వరా," అంది మెల్లగా. "నీది నాను తీసుకుంతన్నాను. అడిగే తీసుకుంతన్నాను. కార్తీకానికి ఒట్టి సేతులతో వస్తే రావద్దనకు. ఓపిక లేదు సామీ, ఇంతకన్నా సెప్పలేను."

మూత తీసింది. డబ్బాలోంచి చేటలోకి అన్నానికి సరిపడా బియ్యం తీసింది. రాళ్లు ఏరింది, కడిగే గిన్నె దగ్గరకు లాక్కుంది. ఎసరు మరుగుతోంది. చేటలోంచి గుప్పెడు బియ్యం తీసి పక్కనున్న డబ్బాలో వేసి, మూత పెట్టి, మిగిలినవి కడిగింది.

మంచం మీద నుంచి తులసి చూసింది.

"అత్తా, ఆ డబ్బాలోంచే కదేటి తీసినావు?"

కూర్మమ్మ చేతికేసి చూసుకుంది. డబ్బాకేసి చూసింది. గంగులు గుమ్మంలో వల బాగుచేస్తూ తల తిప్పుకుని నవ్వుతున్నాడు.

"నువ్వు పడుకోయే," అంది కూర్మమ్మ. "సెయ్యి ఏసీసినాది. దానికేటి తెలుసు?"

అన్నం మెత్తగా ఉడికాక, సొర పిట్టు కలిపి ముద్దలు చేసి తినిపించింది. తులసి కడుపునిండా తిన్నది. మాపటికి పసిది పాలు తాగుతూ తాగుతూ నోరు తెరుచుకుని నిద్రపోయింది. అది చూశాక కూర్మమ్మ ఫ్రిజ్జు పక్కనే చాప వేసుకుని, గోడకు జేరబడి కాళ్లు చాపుకుంది. వెనక కన్నంలోంచి సముద్రపు గాలి సన్నగా వచ్చి మెడకు తగిలింది. ఎవరైనా లేవమంటే లేవగలిగేలా లేదు. అయితే ఆ పూటకు లేవమనే వాళ్లెవరూ లేరు.