మా అత్త హస్తవాసి

ఇన్నేళ్లూ ఇది నా గుండెల మీద బండలా ఉంది. మొగుడికి చెప్పలేదు, కూతురికి చెప్పలేదు, దేవుడి ముందు నిలబడి కూడా మాట మార్చాను. మీరు నాకేమీ కారు కాబట్టి మీకు చెబుతున్నాను. నవ్వొస్తే నవ్వండి. నాకూ వస్తుంది. నవ్వాక మాత్రం అన్నం సహించదు.

నేను అనంతపురంలో సైన్సు టీచర్ని. నా కూతురు ఫిగర్ స్కేటింగ్ చేసేది. అసలైతే అది మంచు మీద ఆట. మా జిల్లాలో సోడా బండి దగ్గర తప్ప మంచు ఎక్కడుంది? కాబట్టి సిమెంటు గచ్చు, కాళ్లకు చక్రాల బూట్లు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఒక ఏడాది, జూనియర్లకు విదేశాల్లో వరసగా పోటీలన్నారు, ఒక దేశం అయ్యాక ఇంకో దేశం. జట్టు ఎంపిక మా ఊళ్లోనే, పైకప్పు లేని గచ్చు మీద. చినుకు పడిందా, ఎంపిక చేసే పెద్దాయన మా పిల్లల్ని చూడకుండానే రైలెక్కి వెళ్లిపోతాడు.

అదే వారం, బత్తలపల్లి పక్కన మా అత్తగారి ఊళ్లో వేరుశనగ వాడిపోతోంది. మా చేను కూడా. వాన కోసం కప్పతల్లిని తిప్పాలన్నారు. తడిగుడ్డలో కప్పను మూటగట్టి, వేపమండలతో రోకలికి కట్టి ఇల్లిల్లూ తిప్పితే, ఆడవాళ్లు దాని మీద నీళ్లు పోస్తారు. ఆ కప్పను కట్టేది ఎప్పుడూ మా అత్తే. ఆమె హస్తవాసి అలాంటిది. ఊళ్లో ఎవరు విత్తనం వేసినా మొదటి పిడికిలి ఆమె చేతే వేయించేవారు. ఆమె కప్పను కడితే వాన పడి తీరుతుందని పేరు.

నా భయం కూడా అదే.

కప్పను తిప్పే రోజు నేనూ ఆ ఊళ్లోనే ఉన్నాను. ఎంపిక మర్నాడే. అత్త మూట కట్టి, రోకలిని పెరట్లో ఆనించి స్నానానికి వెళ్లింది. నేను మూట విప్పాను. కప్పను తొట్టి పక్కన తడిలో వదిలేసి, వంటింట్లోంచి గుండ్రటి వంకాయ తెచ్చి కట్టాను. కప్పకూ మేఘానికీ సంబంధం లేదని పిల్లల చేత రాయించినదాన్ని కదా, మరి నమ్మకం లేనిదాన్ని ఎందుకు విప్పాను? నమ్మితే మాత్రం, మా నోట్లో నేనే మన్ను కొట్టినట్టు కాదా? ఎటు నుంచి చెప్పుకున్నా తప్పు నాదే అవుతోంది.

ఊరంతా భక్తిగా వంకాయకు నీళ్లు పోసింది. మూట కదలదేమని ఒకామె అడిగితే, ముదురు కప్పలు అంతేనని ఇంకొకామె చెప్పింది. నేనూ ఒక చెంబు పోసి దండం పెట్టాను. ఏమని మొక్కానో అడక్కండి.

వాన పడలేదు. మర్నాడే కాదు, అదను దాటిపోయేదాకా పడలేదు. నా కూతురు ఎండలో బొంగరంలా తిరిగి జట్టులోకి వచ్చింది. చేలో కాయ పట్టలేదు. జనం మొదట మబ్బును తిట్టారు, తర్వాత ప్రభుత్వాన్ని, ఆ తర్వాత గొంతు తగ్గించి మా అత్త చేతిని. వెనక ఏవో నాలుగు చినుకులకు ఉలవలు చల్లినప్పుడు ఆమెను ఎవరూ పిలవలేదు. అరుగు మీద కూర్చుని ఆమె తన అరచేతిని చూసుకోవడం నేను చూశాను. చూసి లోపలికి వెళ్లిపోయాను.

కూతురు విదేశం బయల్దేరిన రోజు అత్త బస్టాండుకు వచ్చింది. కుంకుమ భరిణె చేతికిస్తే వెనక్కి జరిగింది.

"నా చెయ్యి వద్దులేమ్మా. నువ్వే పెట్టు."

నేనే పెట్టాను, వంకాయ కట్టిన చేత్తో. బస్సు కదిలింది.

మొదటి పోటీలో మొదటి గిరికీకే నా కూతురు కూలబడింది. అందరికన్నా చివర వచ్చింది. తర్వాతి దేశాలకు పంపలేదు. ఫోన్లో విన్నది అత్తకు చెప్పాను.

"నేను బొట్టు గూడా పెట్టకపోతినే. మల్ల ఎట్ల పడిందమ్మా?"

నిజంగానే అడిగింది. అప్పుడు చెప్పేస్తే సరిపోయేది. నోరు తెరిచాను కూడా.

"ఆడ నేల శానా నున్నగ ఉండాదంట అత్తా."

ఆమె తలూపింది కానీ, పాపం, నమ్మలేదు. ఆ తర్వాత ఎవరి చేలోనూ పిడికిలి విప్పలేదు. చివరికి మా దగ్గరికొచ్చి ఉన్నాక, పాలు తోడు వేయడానికి కూడా, పెరుగు పేరుకోదేమోనని, నన్నే పిలిచేది. ఆమె పోయేదాకా మా ఇంట్లో పాలు నేనే తోడు వేశాను. పెరుగు ఒక్కరోజూ పేరుకోకుండా లేదు.

ఆమె కప్పనే కట్టింది. ఆ చేతిలో ఏ దోషమూ లేదు. ఇది ఆమెకు చెప్పాల్సిన మాట, మీకు చెప్పాను. కొంచెం ఊపిరాడుతోంది, అంతే.