మాగిన సీతాఫలం వాసన

ఎల్లస్వామి ఒకచోట కుదురుగా కూర్చోవడం నేను చూడలేదు. తిరుమలగిరి దగ్గర మా ఊళ్లో ఆయనకు తొంభై గొర్రెలు. మాట మధ్యలో లేచి దొడ్డి వైపు పోతాడు, వస్తాడు, మళ్లీ లేస్తాడు. పక్కింటివాణ్ణి కాబట్టి ఓర్చుకుంటాను.

చూడి గొర్రె ఈనే నెలలో మేత మానేస్తే ఆయన దాని నోరు వాసన చూస్తాడు. కడుపులో రెండు పిల్లలుంటే తిన్నది చాలక, తల్లి ఒళ్లు తన కొవ్వునే కరిగించుకుంటుంది. అప్పుడు దాని ఊపిరి మాగిన సీతాఫలం వాసన వేస్తుంది. దానికి ఆయన వైద్యం చిక్కటి బెల్లం నీళ్లు. చాలా గొర్రెలు లేచాయి. ఆ గర్వం ఆయనకు కాస్త ఎక్కువే.

మూడేళ్ల కిందట, ఇంటర్ చదివే ఆయన బిడ్డ త్రివేణి నెల రోజుల్లోనే చిక్కి సగమైంది. ఎన్ని నీళ్లు తాగినా దాహమే. పరీక్షల ఫికర్ అన్నారంతా. నేనూ అన్నాను, ఇప్పటికీ సిగ్గుగా ఉంది. ఒక ఉదయం పిల్ల మంచం దిగలేదు. ఎల్లస్వామి వంగి ఆమె ఊపిరి వాసన చూసి అదిరిపడ్డాడు.

"గిది గొర్రె వాసననే" అన్నాడు భార్య అండాలుతో. "తిండి లేక బిడ్డ కొవ్వు కరుగుతాంది. బెల్లం తే."

చెంబెడు తాగించాడు. గంటకు ఇంకో చెంబు. పిల్లకు వాంతులు, ఆయాసం పెరిగాయి. నేను పరుగెత్తి ఆటో తెచ్చాను.

"వాసన సరిగ్గనే పట్టిన్రు" అన్నది దవాఖానలో డాక్టరమ్మ. "ఒళ్లు కొవ్వునే కాల్చుకుంటాంది. కానీ గొర్రెకు షుగర్ తక్కువైతది. ఈమెకు నెత్తురు నిండ షుగరే ఉంది, దాన్ని వాడుకునే ఇన్సులినే లేదు."

"రెండు చెంబులు నా చేతుల్తోనే తాపిన" అన్నాడు ఎల్లస్వామి.

త్రివేణి బతికింది. ఇప్పుడు డిగ్రీ చదువుతూ తన ఇన్సులిన్ సూది తానే వేసుకుంటుంది. ఎల్లస్వామి మాత్రం బెల్లం చెంబు ముట్టడు, గొర్రెలకు ఆ నీళ్లు భార్య అండాలే తాపుతుంది.

మొన్న అండాలు ఊళ్లో లేనప్పుడు ఒక చూడి గొర్రె మేత మానేసి పడిపోయింది. కలిపిన చెంబు ముందు పెట్టుకుని ఆయన దొడ్డంతా తిరుగుతున్నాడు. చేయి రావడం లేదు. త్రివేణి వచ్చింది.

"గిది గొర్రెకు మంచిదే బాపూ. నువ్వు దాని తల పట్టు, నేను తాపుత."

కాసేపటికి గొర్రె తల ఎత్తింది. ఎల్లస్వామి దాని వైపు చూడకుండా త్రివేణి ముఖం దగ్గరికి వంగాడు.

"ఒక్కసారి ఊపిరి ఇడువు బిడ్డా" అన్నాడు.