పెట్టెలో చోటుందా

బాబాయి గారు పోయారన్న కబురు నాకు బ్రెడ్ ఫ్యాక్టరీ లంచ్ రూములో, డబ్బా మూత తీస్తుండగా తెలిసింది. మన వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టారు. చూస్తుండగానే కింద దండాల బొమ్మలు వరసకట్టాయి. "స్కార్‌బరో తెలుగువాళ్లందరి పెట్టెలూ మోసిన మనిషి" అని ఒకాయన రాశాడు. అది చదివి డబ్బా మూత మళ్లీ పెట్టేశాను. ఆయన ఎవరి పెట్టెనూ మోయలేదు, మనచేత మోయించారు. అయినా పోయినవాళ్ల గురించి గ్రూపులో సవరణలు పెట్టకూడదు కదా, నేనూ ఒక దండం పెట్టి పనిలోకి వెళ్లిపోయాను.

తరవాత పిన్ని గారు, అంటే ఆయన భార్య, ఫోన్ చేశారు. సంఘం పత్రికలో ఆయన గురించి నన్ను రాయమన్నారు.

"నేనెందుకు పిన్నీ? డాక్టర్లున్నారు, ప్రొఫెసర్లున్నారు."

"వాళ్లు రాస్తే ఆయన దేవుడైపోతాడు. నువ్వు మనిషిలా రాస్తావు."

"మనిషిలా రాయాలంటే అది కూడా రాయాలి పిన్నీ."

"అందుకే నిన్ను అడిగాను" అన్నారు.

కొత్తగా వచ్చినవాళ్ల కోసం కాస్త వెనక్కి వెళతాను. వరసకి ఆయన నాకు ఏమీ కారు. మా ఆవిడ నర్సు. ఆవిడకి ఇక్కడ, కెనడాలో టొరంటో శివారు స్కార్‌బరోలో ఉద్యోగం వస్తే, ఆవిడ సామానుతో పాటు వచ్చినవాణ్ణి నేను. బాబాయి గారికి చీరల కొట్టు పక్కన ఒక గది ట్రావెల్ ఏజెన్సీ ఉండేది. తిరుగు టికెట్ ఎంతవుతుందో కనుక్కుందామని మొదటి చలికాలంలో వెళ్లాను. వెళ్లిపోవాలనే కనుక్కున్నాను. ఆయన ధర చెప్పలేదు. కోటు వేసుకుని నన్ను పార్కింగ్ లాట్‌లోకి తీసుకెళ్లి, మంచు మీద నడవడం నేర్పారు.

"చేతులు జేబులోంచి తియ్యి నాన్నా. అడుగు చిన్నది వెయ్యి. బాతులా నడువు, సిగ్గుపడకు. ఈ దేశంలో హుందాగా నడిచినవాళ్లంతా ఎముకల డాక్టర్ దగ్గరే కలుస్తారు."

ఆయన ముందు బాతు, నేను వెనక బాతు. అలా ఆ లాట్ చుట్టూ తిరిగాం. లోపలికొచ్చాక ఎవరికో ఫోన్ చేసి ఈ బ్రెడ్ ఫ్యాక్టరీలో పని ఇప్పించారు. ఇప్పటికీ అక్కడే ఉన్నాను. ఈ ఊళ్లో నేను తింటున్న అన్నం ఆయన ఒక్క ఫోన్‌తో మొదలైంది. ఇది మరిచిపోయి మిగతాది రాయలేను.

ఆయన గది గుమ్మానికి ఒక స్ప్రింగ్ త్రాసు వేలాడేది. ఇండియా వెళ్లేవాళ్లు పెట్టెలు తెచ్చి దాని కొక్కేనికి తగిలించేవారు. బాబాయి గారు కళ్లజోడు నుదుటి మీదికి తోసి, ముల్లు ఆగేదాకా చూసేవారు. ఎవరు ఎప్పుడు ఎగురుతున్నారో, ఎవరు ఎప్పుడు దిగుతున్నారో అంతా ఆయన బుర్రలోనే. టికెట్ చేతిలో పెట్టగానే ఒకటే ప్రశ్న: "పెట్టెలో చోటుందా నాన్నా?"

ఉండేది. లేకపోయినా ఉండేది. ఇక్కణ్ణుంచి అక్కడికి కళ్లజోళ్లు, చాక్లెట్లు, మోకాలి పట్టీలు. అక్కణ్ణుంచి ఇక్కడికి ఆవకాయ, పట్టుచీరలు, మిక్సీ బ్లేడ్లు. ఒకసారి నేను ముక్కూమొహం తెలియని మనిషి పళ్లసెట్టు మోశాను. దాని యజమాని గుడివాడలో నవ్వకుండా నాకోసం ఎదురుచూస్తున్నాడు. పార్సిల్ విప్పి చూడటం మనలో మర్యాద కాదు. విప్పితే అనుమానించినట్టు. ఇచ్చారంటే నమ్మి ఇచ్చారని, మనం తీసుకున్నామంటే నమ్మి తీసుకున్నామని. కాగితం ఉండదు, అంతా నోటి మాట మీదే.

కొన్నేళ్ల కిందట, మా ఇంట్లో ముగ్గురి సిటిజన్‌షిప్ అప్లికేషన్లు నడుస్తుండగా, నేను విజయవాడలో అక్క దగ్గరికి వెళ్లాను. తిరిగొచ్చే ముందు బాబాయి గారు ఫోన్ చేశారు.

"పెట్టెలో చోటుందా నాన్నా? విజయవాడలో ఒకతను అట్టపెట్టె తెచ్చిస్తాడు. జలుబు మాత్రలు. ఇక్కడివి మన ముక్కులకి పనిచెయ్యట్లేదు."

పెట్టె బరువైపోయింది. అక్క పెట్టిన చింతకాయ పచ్చడి తీసి పక్కన పెట్టాను. అక్క చూస్తూ ఊరుకోలేదు.

"పచ్చడి కన్నా జలుబు ఎక్కువైందిరా నీకు?"

"నాది కాదక్కా, బాబాయి గారిది" అన్నాను.

టొరంటో ఎయిర్‌పోర్టులో ఒక కుర్ర ఆఫీసరమ్మ ఆ అట్టపెట్టె విప్పింది. లోపలున్నవి నేనూ అప్పుడే చూశాను. మాత్రల అట్టల మీద అట్టలు, పొరల మీద పొరలు. అంత జలుబు స్కార్‌బరో మొత్తానికి ఒకేసారి చేసినా మిగులుతుంది. ఆవిడ నవ్వలేదు. ఇవెవరికోసం అని అడిగింది. పేరు చెప్పాను, నంబరు చెప్పాను. ఆవిడే స్పీకర్ పెట్టి ఫోన్ చేయించింది.

"దిగావా నాన్నా?" అన్నారు బాబాయి గారు, ఎప్పట్లాగే.

ఆఫీసరమ్మ తను ఎవరో చెప్పి, ఈ మాత్రలు మీవేనా అని అడిగింది. వీటిలోంచి మెత్ అనే మత్తుమందు వండుతారని కూడా చెప్పింది. తరవాత ఆయన గొంతు ఇంగ్లీషులోకి మారిపోయింది. కొట్టులో కొత్తవాళ్లతో మాట్లాడే ఇంగ్లీషు అది.

"నో మేడమ్. హీ ఈజ్ మై కస్టమర్. ఐ బుక్డ్ హిజ్ టికెట్. దట్స్ ఆల్."

నాకొచ్చిన ఇంగ్లీషు తక్కువే. ఆ రోజు అది కూడా రాకపోయుంటే బావుండేది.

కొన్నాళ్లకి నామీద ఛార్జి పెట్టారు. నాకు దొరికిన లాయరు తమిళాయన, ఓపికమంతుడు. మెత్‌కి ఈ మాత్రలే ముడిసరుకు కాబట్టి, లైసెన్స్ లేకుండా ఇన్ని దేశంలోకి తేవడం ఫెడరల్ చట్టం, అంటే కేంద్రం చట్టం కింద నేరమన్నాడు. మందుల షాపులో వాటిని ఏ అరలో పెట్టాలో చూసుకునేది ప్రావిన్సట, అంటే మన రాష్ట్రంలాంటిది. ఒక్క ముక్కు కోసం రెండు ప్రభుత్వాలు. మా ఊళ్లో జలుబు చేస్తే మిరియాల కషాయం ఉండేది, దానికి మా అమ్మ ఒక్కర్తే చట్టం.

"తెలిసి తెచ్చావని వాళ్లు నిరూపించాలి, అది కష్టం" అన్నాడు లాయరు. "కానీ టైం పడుతుంది. ఆ పెద్దాయన ఒక్క మాట చెబితే తొందరగా తేలిపోతుంది."

ఆ ఒక్క మాట కోసం వాళ్ల అపార్ట్‌మెంట్‌కి వెళ్లాను. పిన్ని గారు కాఫీ ఇచ్చి లోపలికి వెళ్లారు. బాబాయి గారు కిటికీలోంచి బస్సుల్ని చూస్తూ మాట్లాడారు.

"జిమ్ముల వాళ్లకి పౌడర్లు అమ్మేవాడొకడు తెప్పించమన్నాడు నాన్నా. జలుబు మాత్రలే కదా అనుకున్నా."

"ఆ మాటే వచ్చి చెప్పండి బాబాయ్."

"కేసు నిలబడదని నీ లాయరే అంటున్నాడుగా. నువ్వు తట్టుకుంటావు. ఈ వయసులో నేను కోర్టు మెట్లెక్కితే ఉన్న పేరంతా పోతుంది."

"మరి నా పేరో?"

"కాఫీ చల్లారిపోతోంది, తాగు" అన్నారు.

ఛార్జి ఉన్నవాడికి సిటిజన్‌షిప్ ప్రమాణం ఉండదు. మా ఆవిడా, మా అమ్మాయీ ముందు వరసలో నిలబడి చేతులెత్తారు. నేను అతిథుల కుర్చీల్లో వెనక కూర్చున్నాను. అమ్మాయి వెనక్కి తిరిగి, "డాడ్, వై ఆర్ యూ బ్యాక్ దేర్?" అంది. వీడియో తియ్యాలి కదమ్మా అన్నాను. కాసేపటికి పక్క కుర్చీలో ఎవరో కూర్చున్నారు. చూస్తే బాబాయి గారు, ఒళ్లో లడ్డూల డబ్బా. నావైపు చూడలేదు. ఆ వీడియో ఇప్పటికీ ఉంది. అందులో మా ఆవిడ గొంతు కన్నా ఆయన దగ్గే ఎక్కువ వినబడుతుంది. నిజంగానే జలుబు చేసింది పాపం.

తరవాత ప్రాసిక్యూటర్ కేసు వెనక్కి తీసుకున్నాడు. ఆలస్యంగా నా ప్రమాణమూ అయింది. కోర్టు వదిలేసింది గానీ మనవాళ్లు వదల్లేదు. ఎవరూ ఒక్క మాట అనలేదు, అంతా మర్యాదస్తులు. నాకు పార్సిళ్లు ఇవ్వడం మానేశారు, అంతే. నేను ఊరెళుతున్నానని తెలిసినా, మర్నాడు వెళ్లేవాడి పెట్టెలో కుక్కుకునేవారు. టికెట్ మాత్రం బాబాయి గారి దగ్గరే కొన్నాను, ప్రతిసారీ. ఆయన కాగితం చేతిలో పెట్టేవారు. నేను ఒక క్షణం ఆగేవాణ్ణి. ఆ ప్రశ్న అడిగేవారు కాదు. సగం ఖాళీ పెట్టెతో విజయవాడలో దిగితే అక్క అడిగేది, "మీ ఊళ్లో తెలుగువాళ్లు ఖాళీ చేశారేంట్రా?"

ఆ మాత్రలతో ఏం చేస్తారో ఆయనకి తెలుసని నేను అనుకోను. కానీ అట్టపెట్టె ఎవరిదో తెలుసు. నా బాధ దాని గురించే. మంచు మీద పడకుండా నడిపించిన మనిషి, గచ్చు మీద చెయ్యి వదిలేశారు.

పెద్దకర్మ నాడు వాళ్లింట్లో భోజనాలయ్యాయి. చాలామందిమి ఉన్నాం. ఏజెన్సీ మూసేశాక ఆ త్రాసు ఇంటికి తెచ్చి వంటింటి గుమ్మానికి తగిలించారు, ఇంకా అక్కడే ఉంది. పిన్ని గారు బాల్కనీలోంచి చిన్న చెక్కపెట్టె తెచ్చి నా ముందు నిలబడ్డారు. వాళ్లకి పిల్లల్లేరు. ఆవిడ మోకాళ్లు అంత దూరం ప్రయాణం చేసేవి కావు.

"వచ్చే నెల మీ అక్క దగ్గరికి వెళుతున్నావటగా. పెట్టెలో చోటుందా నాయనా? ఈయన్ని కృష్ణలో కలిపిరావాలి."

ఆవిడే మూత తీశారు.

"చూసుకో. ఈసారి చూడకుండా తీసుకోకు." తరవాత హాల్లో అందరికీ వినబడేలా అన్నారు. "ఆ మాత్రల అట్టపెట్టె ఈ ఇంటిది. ఈ అబ్బాయిది కాదు. ఆయన చెప్పలేదు. ఆయన ఉన్నన్నాళ్లూ నేనూ చెప్పలేదు."

"ఇప్పుడెందుకమ్మా అవన్నీ" అన్నాడొకాయన, కాఫీ కలుపుతూ.

"ఇంకెప్పుడు?" అన్నారు పిన్ని గారు.

లోపల తెల్లటి మూట ఉంది. చూశాను. దాన్ని చేతిలోనే పట్టుకెళ్లాలట, దహనం సర్టిఫికెట్‌తో సహా. దారిలో ఏదో ఒక కౌంటర్ దగ్గర ఎవరో ఒక ఆఫీసరు, ఈయన మీకేమవుతారు అని అడక్కపోరు. మా బాబాయి అనాలో, నాకు టికెట్ బుక్ చేసినాయన, అంతే అనాలో ఇంకా తేల్చుకోలేదు.

అలవాటు కొద్దీ ఆ చెక్కపెట్టెని సంచిలో పెట్టి త్రాసు కొక్కేనికి తగిలించాను. ముల్లు అటూ ఇటూ ఊగింది. పిన్ని గారు కళ్లజోడు నుదుటి మీదికి తోసి, అచ్చం ఆయనలాగే, అది ఆగేదాకా చూస్తూ నిలబడ్డారు.